1986లో వరంగల్ దవాఖానలో పుట్టాను, రికార్డు ‘లేదు’ అంటున్నారు. నకలు ఎలా తెచ్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు 1986 డిసెంబర్ 27న వరంగల్‌లో సర్కారు దవాఖానలో పుట్టారు. సొంతూరు పరకాల దగ్గర, అమ్మగారి తల్లిగారిల్లు నర్సంపేట వైపు. ఇప్పుడు అమెరికాలో ఉన్నారు, గ్రీన్‌కార్డు ఫైలుకు జనన ధృవీకరణ పత్రం కావాలి. నాన్నగారు ఊరి పంచాయతీలో అడిగితే లేదన్నారు, మీసేవలో వెతికితే రాలేదు, వరంగల్‌లో అడిగితే “1986 పుస్తకంలో లేదు” అన్నారు. ఇంతలో ఒకాయన ఇరవై వేలిస్తే వారంలో చేతిలో పెడతానంటున్నాడు.

ముందు జవాబు చెప్తాను. ఆ ఇరవై వేలు ఇవ్వకండి. పంచాయతీని మర్చిపోండి. వరంగల్ కార్పొరేషన్ జనన మరణాల సెక్షన్‌లో 1987 పుస్తకం వెతికించండి, అదీ మీ పేరు మీద కాదు, అమ్మ పేరు మీద. అందులోనూ లేకపోతే ‘లేదు’ అన్న మాటను నోటితో కాకుండా కాగితం మీద తీసుకోండి. ఆ కాగితంతో రెండు దారులు ఉన్నాయి, అవి కింద రాశాను.

నేను మున్సిపాలిటీల్లో గుమాస్తాగా చేరి, అందులో పదకొండేళ్లు జనన మరణాల సెక్షన్‌లోనే ఉండి రిటైర్ అయ్యాను. ప్రస్తుతం హన్మకొండలో ఉంటున్నా. తెలిసినవాళ్ల పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి ఇదే బాధతో ఫోన్ చేస్తుంటారు. పదిమందిలో ఆరేడుగురి లైను, అంటే నమోదు, ఎక్కడో ఒక పుస్తకంలో ఉంటుంది. వాళ్లు అడిగిన చోట మాత్రం ఉండదు.

మొదటి పొరపాటు ఊరు. జననం ఎక్కడ జరిగితే అక్కడ రాస్తారు. తల్లిదండ్రుల సొంతూరితో, రేషన్ కార్డుతో దానికి పనిలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పద్ధతే అది. దవాఖానలో పుడితే కబురు చెప్పాల్సిన బాధ్యత కూడా దవాఖాన పెద్ద డాక్టరుదే, మీ నాన్నగారిది కాదు. అందుకే “మేం రాయించలేదు కాబట్టి ఉండదేమో” అని చాలామంది అనుకుంటారు గానీ, దవాఖాన కాన్పు అయితే మీకు తెలియకుండానే రాసి ఉండే అవకాశం ఎక్కువ. వరంగల్‌లో ప్రభుత్వ ప్రసూతి అంటే ముఖ్యంగా రెండు చోట్లు: వరంగల్ వైపు సీకేఎం, హన్మకొండలో జీఎంహెచ్. జనం అన్నింటినీ కలిపి ‘పెద్ద దవాఖాన’ అనేస్తారు, కొందరు నగరంలోని ఇంకో పెద్దాసుపత్రి ఎంజీఎం అనుకుంటారు. అమ్మను అడగండి, ఏ వైపు దవాఖాన, బస్సు దిగి ఎటు నడిచారు అని. పేరు గుర్తులేకపోయినా దారి గుర్తుంటుంది.

ఏ దవాఖాన అయినా పుస్తకం మాత్రం నగర సంస్థ దగ్గరే. మీరు పుట్టినప్పుడు అది మున్సిపాలిటీ. కార్పొరేషన్ అయింది 1994లో, గ్రేటర్ అయింది 2015లో. బోర్డు మారినా పాత పుస్తకాలు వాళ్ల దగ్గరే ఉండాలి. ఒక మెలిక ఉంది: హసన్‌పర్తి, మడికొండ, మామునూరు లాంటి ఊళ్లు తర్వాత నగరంలో కలిశాయి. ఆ ఊళ్లలో ఇంటి కాన్పు అయిన పాత జననాలు అప్పటి గ్రామ పుస్తకాల్లో ఉంటాయి. మీకది వర్తించదు. ఇది చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

రెండో పొరపాటు సంవత్సరం, మీ విషయంలో నా అనుమానమంతా దీని మీదే. జననాల రిజిస్టరు పుట్టిన తేదీ వరసలో ఉండదు, నమోదైన తేదీ వరసలో ఉంటుంది. ప్రతి జనవరి 1న కొత్త నంబరుతో మొదలవుతుంది. కబురు చెప్పడానికి కొన్ని రోజుల గడువు ఉంటుంది. డిసెంబర్ 27న మీరు పుడితే, దవాఖాన నుంచి ఫారాల కట్ట మున్సిపాలిటీకి చేరేసరికి జనవరి వచ్చేస్తుంది. కట్ట చేరాక గుమాస్తాకు తీరిక దొరికే రోజు ఇంకొకటి. అంటే 1986లో పుట్టిన మీరు 1987 పుస్తకంలో ఉంటారు. ‘1986లో లేదు’ అని చెప్పిన మనిషి అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, అడిగిన పుస్తకం చూసి ఉన్నది చెప్పాడు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సెక్షన్‌లో చేరిన మొదటి ఏడాది నేనే ఒక ముసలాయనకు ‘రికార్డు లేదు’ అని కాగితం తయారుచేసి సంతకం పెట్టించి ఇచ్చాను. కొడుకుది డిసెంబర్ పుట్టుక. ఆయన దాన్ని పట్టుకుని ఆరు నెలలు తిరిగాడు, నోటరీ, అఫిడవిట్లు, ఎన్‌క్వైరీ అంతా అయ్యాక ఆలస్య నమోదు చేద్దామని ఫైలు మళ్లీ నా టేబుల్ మీదికే వచ్చింది. అప్పటికి ఈ విద్య కొంచెం పట్టుబడింది. ఎందుకో పక్క ఏడాది పుస్తకం తెరిచాను. ఫిబ్రవరి మొదటి వారం పేజీలో ఆ అబ్బాయి ఉన్నాడు. ఆయన నన్నేం అనలేదు, టీ తాగుదాం రా సార్ అన్నాడు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. ఆ తర్వాత ముందు ఏడాది చివరి మూడు నెలలు, తర్వాతి ఏడాది మొదటి మూడు నెలలు చూడకుండా ఎవరికీ ‘లేదు’ అని రాయలేదు.

మూడోది పేరు. ఆ కాలపు పుస్తకంలో మీ పేరు ఉండదు. నామకరణం 21వ రోజునో, ఏడాదికో చేస్తే, దవాఖాన వాళ్లకు మూడో రోజు పేరెక్కడి నుంచి వస్తుంది? ‘మగ శిశువు’ అని రాసి, తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా రాస్తారు. తల్లి పేరు కూడా ఆధార్‌లో ఉన్నట్టు ఉండాలని లేదు. దవాఖానలో చేర్పించిన మనిషి నోటికి ఏ పేరొస్తే అదే. ఒకమ్మాయి కేసులో తల్లి పేరు ఆధార్‌లో విజయలక్ష్మి, పుస్తకంలో బుచ్చమ్మ. ఇంట్లో పిలిచే పేరది, చేర్పించింది అమ్మమ్మ మరి. తండ్రికి ఇంటిపేరు లేకుండా ఒట్టి ‘రాజయ్య’. వరంగల్ జిల్లాలో ఒట్టి రాజయ్యలు ఎంతమందో ఊహించుకోండి.

చిరునామా కూడా అంతే. మన దగ్గర తొలి కాన్పు తల్లిగారింటి నుంచే కదా. చీటీ మీద రాయించేది తీసుకొచ్చినవాళ్ల ఊరే. మీరు తొలిచూలు అయితే పుస్తకంలో పరకాల వైపు ఊరి కంటే నర్సంపేట వైపు ఊరే ఉండే అవకాశం ఎక్కువ. నాన్నగారు తన ఊరి పేరు చెప్పి వెతికిస్తే, కళ్ల ముందు లైను ఉన్నా గుమాస్తా ‘ఇది కాదు’ అని పేజీ తిప్పేస్తాడు.

అందుకని నాన్నగారు వెళ్లేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవన్నీ రాసి తీసుకెళ్లమనండి: అమ్మ అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు, నాన్న పేరు ఇంటిపేరుతోనూ అది లేకుండానూ, తాత పేరు, రెండు ఊళ్ల పేర్లు, మగ శిశువు, పుట్టిన తేదీ, దవాఖాన పేరు, వెతకాల్సిన కాలం 1986 అక్టోబర్ నుంచి 1987 మార్చి వరకు. నోటితో చెప్తే మూడో మాటకు ఎదుటి మనిషి ధ్యాస పోతుంది. కాగితం ఉంటే పుస్తకం పక్కన పెట్టుకుని వేలు పెట్టి చూస్తాడు.

మీరు అక్కడ లేరన్న బెంగ అక్కర్లేదు. చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. నాన్నగారు అయితే అసలు ప్రశ్నే రాదు. అయినా మీ సంతకంతో ఒక అధికార పత్రం, మీ పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్స్ పంపండి. కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది.

ఇక మీసేవ. మీసేవలో రాకపోవడం అంటే రికార్డు లేదని కాదు. మీసేవ మొదలైందే 2011లో. కంప్యూటర్‌లోకి ఎక్కించిన సంవత్సరాలే అందులో కనిపిస్తాయి. ఎక్కించినవాటిలోనూ చేతిరాత చదివి టైపు చేసిన పిల్లలు ‘సారమ్మ’ను ‘శారద’ చేసిన సందర్భాలు చూశాను. మీసేవ సెంటర్లో కుర్రాడు చేయగలిగేది స్క్రీన్ మీద వెతకడం, అర్జీ పెట్టడం. పుస్తకం తెరవాల్సింది సెక్షన్‌లోనే. ముందు సెక్షన్‌కు వెళ్లి లైను దొరికించుకుని, నమోదు నంబరు, తేదీ రాసుకుని, ఆ తర్వాత మీసేవలో అర్జీ పెట్టండి. నంబరు ఉన్న అర్జీ ఆగదు. నంబరు లేని అర్జీ ‘రికార్డు దొరకలేదు’ అని తిరిగొస్తుంది, మీరు కట్టిన డబ్బులూ పోతాయి.

సెక్షన్‌లో పుస్తకం తీయడానికి బద్ధకిస్తే? అవుతుంది, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే. 1987 పుస్తకం ఏ అలమరా అడుగునో ఉంటుంది, ముట్టుకుంటే అంచులు రాలతాయి, బయట పదిమంది నిలబడి ఉంటారు. ‘రేపు రండి’ అనడం చాలా తేలిక. అలాంటప్పుడు గొడవపడకుండా సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ వేయండి. పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘నా రికార్డు ఇవ్వండి’ అని మాత్రం రాయకండి. ఇలా అడగండి: 1986, 1987 జనన రిజిస్టర్లు మీ ఆఫీసులో ఉన్నాయా? ఎన్ని సంపుటాలు? ఎవరి స్వాధీనంలో ఉన్నాయి? ఫలానా తల్లి పేరుతో ఫలానా తేదీల మధ్య నమోదు ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకు రాతలో జవాబివ్వాలంటే పుస్తకం తీయక తప్పదు. నేను కుర్చీలో ఉన్నప్పుడు ఇలాంటి అర్జీలంటే నాకూ చిరాకే, కానీ పని మాత్రం అయ్యేది.

దవాఖానలో కూడా కాన్పుల రిజిస్టరు, కేస్ షీట్లు ఉంటాయి. దాదాపు నలభై ఏళ్ల కిందటివి దొరకడం కష్టం, అయినా రికార్డు సెక్షన్‌లో ఒకసారి అడిగి చూడడంలో తప్పులేదు. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు వెతికించండి. డిశ్చార్జి చీటీ గానీ టీకాల కార్డు గానీ దొరికితే లామినేషన్ మాత్రం చేయించకండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చాలు.

లైను దొరికింది అనుకుందాం. అప్పుడు వచ్చే సమస్య మీ పేరు లేకపోవడం. పిల్లల పేరు తర్వాత చేర్చడానికి నిబంధనల్లో దారి ఉంది, ఏడాదిలోపు ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. మీకు ఆ వయసు దాటిపోయింది. పేరు చేర్చమని అర్జీ పెట్టండి, పదో తరగతి మెమో జతచేయండి, తీసుకుంటే మంచిదే. కాదంటే కుంగిపోకండి. పేరు లేని నకలే తీసుకోండి. ఫలానా నమోదు నంబరులోని మగ శిశువు, ఈ పేరుగల మా కొడుకు ఒక్కడే అని అమ్మానాన్నలు చెరొక అఫిడవిట్ ఇస్తే, దానికి పదో తరగతి మెమో తోడైతే ఫైలు నిలబడుతుంది. 1987లో రాసిన పేరులేని లైను, నిన్న రాయించిన పేరున్న లైను కంటే బలమైనది. అధికారి ముందు చూసేది నమోదు తేదీనే.

పుస్తకంలో బుచ్చమ్మ, పాస్‌పోర్టులో విజయలక్ష్మి అయితే సవరణకు 15వ సెక్షన్ ఉంది. అక్షర దోషం అయితే తేలిక. అసలు విషయంలోనే తప్పు ఉంటే సంగతి తెలిసిన నమ్మదగిన ఇద్దరు మనుషుల వాంగ్మూలం, రుజువులు కావాలి. సవరించినా పాత రాతను కొట్టేయరు, మార్జిన్‌లో రాస్తారు. కొందరు “వైట్నర్ పెట్టి మార్చండి సార్” అని అడిగేవారు. అది రిజిస్టరు బాబూ, పరీక్ష పేపరు కాదు.

ఇక్కడే ఒక పక్కమాట. మీకు పదో తరగతి తేదీ, అసలు తేదీ ఒకటే అన్నారు, అదృష్టవంతులు. మా తరంలోనూ మీ తరంలోనూ సగం మందికి బడిలో పంతులుగారు వేసిన తేదీయే పుట్టినరోజు. జూన్ నెలలో ఇంతమంది తెలంగాణ బిడ్డలు ఎలా పుట్టారో వేరే చెప్పక్కర్లేదు. అలాంటివాళ్లు వచ్చి “రిజిస్టర్లో తేదీని మెమో ప్రకారం మార్చండి” అంటారు. మారదు, మార్చకూడదు కూడా. రెండు తేదీలు ఉన్నాయని, ఎందుకు వచ్చాయో ఉన్నదున్నట్టు అఫిడవిట్‌లో రాసి లాయరుకు ముందే చెప్పడం మేలు. ఒకతనికి అసలు సంవత్సరమే తెలియదు. మెమోలో 1983 అని ఉంది. వాళ్లమ్మ “సమ్మక్క జాతరకు పోయొచ్చిన నెలకు పుట్టిండు” అంది. మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి, అదీ సరి సంవత్సరాల్లో. అంటే 1983 కాదు, 1982 గానీ 1984 గానీ కావాలి. 1984 పుస్తకంలో మార్చి నెలలో దొరికాడు. కాబట్టి అమ్మలను తేదీ అడగకండి, పండగ అడగండి, వాన అడగండి, అప్పుడు ఇంట్లో ఎవరి పెళ్లి జరిగిందో అడగండి.

లైను ఎక్కడా దొరకలేదు అనుకుందాం. అప్పుడు ‘అలభ్యత’ పత్రం, అంటే రికార్డు దొరకలేదని ఆఫీసు రాసిచ్చే కాగితం, తీసుకోండి, నిబంధనల్లో దానికి ఫారం నంబరు 10. అందులో మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, స్థలం, ఏ సంవత్సరాల పుస్తకాలు వెతికారో స్పష్టంగా ఉండాలి. ఒట్టి ‘రికార్డు లేదు’ అని రెండు లైన్లు రాసిస్తే తీసుకోకండి, మర్యాదగా తిరిగి రాయించండి. 1986, 1987 రెండూ వెతికినట్టు ఉండాలి. మీ పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

అది చేతికొచ్చాక మొదటి దారి ఆలస్య నమోదు. ఏడాది దాటిన జననాలకు మన దగ్గర ఆర్డీవో (రెవెన్యూ డివిజన్ అధికారి) ఉత్తర్వు కావాలి. అర్జీ మీసేవలో పెడతారు, అలభ్యత పత్రం, అఫిడవిట్, పదో తరగతి మెమో, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు జతచేస్తారు. తహసీల్దార్ ఆఫీసు నుంచి విచారణ జరుగుతుంది, ఆ రిపోర్టు మీద ఆర్డీవో ఉత్తర్వు ఇస్తే, అది చూపించి రిజిస్ట్రార్ దగ్గర ఎక్కించుకోవాలి. ఏ ఆర్డీవో అన్నది ఇప్పుడు పెద్ద తికమక. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో మళ్లీ వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ జిల్లా, రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయ్యాయి. నగరం ఒక్కటే, కార్పొరేషన్ ఒక్కటే, జిల్లాలు మాత్రం రెండు. సీకేఎంలో పుట్టినట్టయితే వరంగల్ ఆర్డీవో, హన్మకొండ జీఎంహెచ్ అయితే హన్మకొండ ఆర్డీవో. మీ ఊరు పరకాల డివిజన్ కదా అని నాన్నగారు అక్కడికి వెళితే ఒక నెల వృథా. పుట్టిన చోటే లెక్క, మొదట చెప్పిన మాటే ఇక్కడా.

ఈ జిల్లాల మార్పు వల్ల ఇంకో చిక్కు. మీ పాస్‌పోర్టులో పుట్టిన స్థలం వరంగల్, ఆంధ్రప్రదేశ్ అని ఉండొచ్చు, ఇప్పుడొచ్చే నకలులో హన్మకొండ జిల్లా, తెలంగాణ అని రావొచ్చు. భయపడాల్సింది లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది, జిల్లాలు తర్వాత మారాయి అని లాయరు ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. నాకు తెలిసి దీనివల్ల ఎవరి ఫైలూ ఆగలేదు.

రెండో దారి, ఆలస్య నమోదు జోలికి పోకుండా అలభ్యత పత్రంతోనే వెళ్లడం. జనన పత్రం దొరకనప్పుడు దొరకదని ఆఫీసు రాసిచ్చిన కాగితం, దాంతోపాటు ఇతర సాక్ష్యం అమెరికా వాళ్లు తీసుకుంటారు. మీకంటే పెద్దవాళ్లు, మీ పుట్టుక స్వయంగా తెలిసినవాళ్లు ఇచ్చే అఫిడవిట్లు కావాలి. అమ్మానాన్న ఉంటే వాళ్లవే మేలు. మీకంటే చిన్నవాడైన బాబాయి కొడుకుతో ఇప్పిస్తే నవ్వులపాలవుతుంది, ఇది నిజంగానే ఒకరు చేశారు. మీ చిన్నప్పటి బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు సంపాదించండి, దానికి విలువ ఎక్కువ.

రెండింట్లో ఏది మంచిది? నన్నడిగితే టైముంటే రెండూ చేయించుకోండి. ఫైలు గడువు దగ్గర పడితే రెండో దారిలో వెళ్లి, ఆలస్య నమోదు తీరిగ్గా చేయించుకోండి. దాదాపు నలభై ఏళ్ల తర్వాత నమోదైన పత్రం ఒక్కటే పెడితే ‘ఇప్పుడెందుకు రాయించారు’ అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనక పాత సాక్ష్యాలు ఎలాగూ పెట్టాల్సిందే. లాయరు ఏం చెప్తే అది ఫైనల్, వలస చట్టం నా సబ్జెక్టు కాదు. రిజిస్టరు వరకే నా పెత్తనం.

అపోస్టిల్, అంటే మన పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర, చేయించాలా అని చివర్లో అడిగారు. అమెరికా గ్రీన్‌కార్డు ఫైలుకు మామూలుగా అక్కర్లేదు. వేరే దేశాలు కొన్ని అడుగుతాయి. అలాంటప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ అయ్యాక విదేశాంగ శాఖ వేస్తుంది. నకలు తెలుగులో చేతిరాతతో వస్తే ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుడి ధృవీకరణ ఉండాలి.

రేపు అమ్మానాన్నలకు కూడా గ్రీన్‌కార్డు వేయాలనుకుంటే వాళ్ల జనన పత్రాల సంగతి ఇప్పుడే చూడండి, పెద్దవాళ్లు తిరగగలిగినప్పుడే. అప్పట్లో పల్లెల్లో మంత్రసాని కాన్పులు, రాసుకునేది పటేలు. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యాక ఆ పుస్తకాల్లో మిగిలినవి తహసీల్దార్ ఆఫీసుల రికార్డు రూముల్లోకి చేరాయి, కొన్ని చెదలకు చేరాయి. ఇంకా వెనక్కి వెళ్తే నేను చూసినవన్నీ ఉర్దూలో, నిజాం కాలంలో వాడిన ఫసలీ సంవత్సరాల్లో ఉన్నాయి. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, ఏడాది అక్టోబర్‌లో మొదలు కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి. నెలలేమో ఆజూర్, దై, బహమన్. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు, అవి ఆయనొక్కరే చదివేవారు. ఆయన రిటైర్ అయ్యాక ఆ పుస్తకాలు మాకు బొమ్మలే. అలాంటి వయసువాళ్లకు నిజం చెప్పాలంటే అలభ్యత పత్రం, అఫిడవిట్లే దిక్కు. పుస్తకం కోసం ఏళ్లు తిరగక్కర్లేదు.

మీకు అమెరికాలో పిల్లలుంటే వాళ్లకిదేమీ అంటదు. కానీ ఇక్కడ మీ తమ్ముడికో చెల్లెలికో చిన్నపిల్లలుంటే చెప్పండి: 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు జనన పత్రమే మూలం. బడికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు, ఓటుకు అదే చూపించాలి. పదో తరగతి మెమోతో పుట్టినరోజు నడిపించే కాలం వాళ్లకు లేదు. డిశ్చార్జి అయ్యేటప్పుడే దవాఖానలో ఆన్‌లైన్‌లో ఎక్కించిన పేర్ల స్పెల్లింగు, తల్లి ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోమనండి. పేరు పెట్టగానే ఏడాదిలోపు చేర్పించమనండి.

మళ్లీ ఆ ఇరవై వేల మనిషి దగ్గరికి వస్తాను. వాడు చేయగలిగేవి రెండే. పుస్తకంలో లైను ఉంటే వెతికించడం, అది నాన్నగారు చేసుకోగలరు. లైను లేకపోతే దొంగ పత్రం కొట్టించడం. ఇప్పటి పత్రాల మీద క్యూఆర్ ఉంటుంది, అనుమానం వస్తే రాయబార కార్యాలయం వాళ్లు రాసి అడుగుతారు, అప్పుడు సెక్షన్‌లో తెరిచేది అదే పుస్తకం. లైను లేదని జవాబు వెళితే మీకు ఒక్క ఫైలు పోవడం కాదు, దొంగ కాగితం పెట్టాడన్న మచ్చ ఆ దేశంలో జీవితాంతం వెంటాడుతుంది. ‘లేదు’ అన్న నిజమైన కాగితంతో గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నాన్నగారిని పొద్దున పదిన్నరకల్లా వెళ్లమనండి. సోమవారం వద్దు, ప్రజావాణి రోజు, అధికారులు కలెక్టరేట్‌లో ఉంటారు. తెల్ల కాగితం, అధికార పత్రం, పదో తరగతి మెమో జిరాక్స్, కళ్లద్దాలు. కళ్లద్దాలు ఎందుకంటే, వీలైతే పుస్తకం తనకూ చూపించమని అడగమనండి. 1987లో ఎవరో హడావుడిగా రాసిన అమ్మ పేరును గుమాస్తా గుర్తుపట్టకపోవచ్చు, ఆయన మాత్రం గుర్తుపడతారు.